ఏమన్నా తాగినవా?

భద్రాచలం,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన ఆరాధనకు,

జస్టిన్ రాస్తున్నాను. మరియమ్మ తల్లి దయవల్ల ఇక్కడ మేమందరం క్షేమం, నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. 'మేమందరం' అని చేయి అలవాటు కొద్దీ రాసేసింది గానీ, లెక్కేస్తే ఇద్దరమే. మీ అమ్మ, నేను. ట్యూబులైటు వెనక బల్లిని కూడా కలుపుకుంటే ముగ్గురం.

నిన్న నా మెసేజ్ చూసి కంగారు పడి ఉంటావు. "నా ఉత్తరం అందేదాకా రాజీనామా కాగితం ఇవ్వకు" అని ఒక్క ముక్క పంపి ఊరుకున్నాను. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ అసలు మాట మింగేస్తానని భయం. అత్తమ్మకు ఏమీ కాలేదు, ముందు ఈ మాట చదివి కుదుటపడు. మిగతాది నెమ్మదిగా చెప్తాను. మీ వార్డులో పనిచేసే చాంది సెలవు ముగించుకుని రేపు మస్కట్‌కు బయలుదేరుతోంది కదా, పొద్దున్నే పాల్వంచ వెళ్లి ఈ ఉత్తరం ఆమె చేతిలోనే పెడతాను. మీ అమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడి కూడా పంపుతున్నాను. ఆ డబ్బాకు ఆమె కవర్లు, పాత చీర ముక్కలు చుట్టిన తీరు చూస్తే లోపల పచ్చడి ఉందో పసిపిల్ల ఉందో తెలియదు. జాగ్రత్తగా విప్పు.

నువ్వు పోయినసారి అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. గోదావరి ఎంతదాకా వచ్చిందని అడిగావు. మొదటి హెచ్చరిక ఇచ్చారు, మళ్లీ తీసేశారు. స్నానాల రేవు మెట్లు మునిగాయి, మన వీధిలోకి మాత్రం రాలేదు. ఇంటి ఓనరు కిషన్‌లాల్ గారు ముందు జాగ్రత్తగా కింది గదిలోని బియ్యం బస్తాలు మన పై పోర్షన్‌లోకి ఎక్కించారు. మంచం మీద నీ వైపు ఖాళీగా ఉందని చూసి రెండు బస్తాలు అక్కడే వేయించారు. వరద పోయినా వాటిని దింపమని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

సరిగ్గా తింటున్నావా అని అడిగావు. మీ అమ్మ వండుతుంటే తినకేం చేస్తాను? కాకపోతే మా ఇంట్లో భోజనం ఎట్లా జరుగుతుందో నీకు తెలియదు, నువ్వున్నప్పుడు ఇట్లా ఉండేది కాదు. కంచం పెట్టి, మూత వేసి, ఆమె వంటింటి తలుపు వెనక్కి వెళ్లిపోతుంది. అల్లుడి ముందు అత్త కూర్చోకూడదు, తినకూడదు. నాతో ఏమైనా చెప్పాలంటే తలుపుతో చెప్తుంది.

"అల్లుడు ఇంకింత పులుసు పోసుకుంటడా?" అంటుంది తలుపుతో.

"పోసుకుంటడు," అంటాను నేనూ తలుపుతోనే.

నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి మా ఇద్దరి మధ్య ఎక్కువగా మాట్లాడింది ఆ తలుపే. మొదట్లో నవ్వొచ్చేది. తరవాత్తరవాత ఇంటికి వచ్చేటప్పుడు వంతెన దగ్గర టీకొట్టులో ఊరికే కూర్చుని, ఎవరో తెలియని వాళ్ల మాటలు వింటూ ఆలస్యం చేయడం మొదలుపెట్టాను. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుందని తెలిసీ అట్లా చేశాను.

ఇక నీ అసలు ప్రశ్న. "అమ్మ ఫోనులో రెండు ముక్కలు కూడా మాట్లాడటం లేదు, నిజం చెప్పు, ఎంత ముదిరింది? నేను నెలాఖరుకు రాజీనామా ఇచ్చి వచ్చేస్తున్నా" అని రాశావు. ఆ వాక్యం దగ్గర కలం గట్టిగా నొక్కినట్టుంది, వెనక పేజీ మీద కూడా అక్షరాలు తేలాయి. దానికి జవాబు చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

ఎండాకాలంలో అత్తమ్మ పాలు పొంగిపోతున్నా పొయ్యి ముందు నిలబడి చూస్తూ ఉండిపోయింది. తరవాత ఒక రోజు చర్చికని బయలుదేరి ములకలపల్లి బస్సెక్కి, చీకటి పడే వేళకు తిరిగొచ్చింది. అడిగితే "మర్చిపోయిన" అంది. నువ్వేమో అక్కడి నుంచి మతిమరుపు రోగం అన్నావు. నాకూ అదే అనుమానం వచ్చింది. సరిగ్గా అప్పుడే మా స్కానింగ్ సెంటర్‌కు డాక్టర్ ప్రసూన గారు పరిశోధన పని మీద వచ్చారు. ఆమె గురించి ఇదివరకే రాశాను, సత్తుపల్లి వాళ్లు, హైదరాబాదులో ఉంటారు, మనిషి నెమ్మది. మెదడుకు రక్తం ఎంత పోతుందో ఎమ్మారై మిషనులో ఇంకా సరిగ్గా కొలవడం ఎట్లా అన్నది ఆమె పని. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్ద వయసు వాళ్లను పిలిపించి, స్కాన్ తీసి, లెక్క ఎక్కడ తప్పుతోందో చూస్తారు. అత్తమ్మను కూడా అందులో చేర్పించాను.

నువ్వు నర్సువే అయినా ఈ స్కాన్ నీకు అలవాటు ఉండదు కాబట్టి చెప్తాను. సూది లేదు, మందు లేదు. మెడ దగ్గర పైకి పోయే రక్తానికి అయస్కాంతంతో ఒక గుర్తు పెడతాం. ఆ గుర్తున్న రక్తం మెదడుకు చేరేదాకా రెండు సెకన్లకు కాస్త తక్కువగా ఆగి, అప్పుడు ఫొటో తీస్తాం. ఎక్కడ ఎంత గుర్తు కనపడితే అక్కడికి అంత రక్తం వచ్చినట్టు. చిక్కేమిటంటే పెద్దవాళ్లలో రక్తం నెమ్మదిగా నడుస్తుంది. పైన ఏటూరునాగారం దగ్గర నీళ్లు పెరిగాయని టీవీలో చెప్పగానే కరకట్ట మీదికి పరిగెత్తి, "ఏదీ, రాలే, అంత అబద్ధం" అని తిరిగొచ్చే వాళ్లుంటారు చూడు, అట్లా అవుతుంది. నీళ్లు దారిలో ఉంటాయి. తొందరపడి ఫొటో తీస్తే ఆ చోటు ఎండిపోయినట్టు కనపడుతుంది. పోనీ ఎక్కువసేపు ఆగుదామా అంటే ఆ గుర్తు కాస్సేపటికే చెరిగిపోతుంది. అందుకే ఒక్కసారి కాకుండా రకరకాల వ్యవధుల్లో ఆగి ఫొటోలు తీసి, అన్నీ కలిపి లెక్క కట్టే పద్ధతి ప్రసూన గారు పరీక్షిస్తున్నారు.

అత్తమ్మకు మొదటిసారి తీసింది పాత పద్ధతిలోనే. ఆ లెక్క నమ్మలేక రెండుసార్లు చూశాను. ఆ వయసుకు ఉండాల్సిన దానిలో సగానికి కాస్త పైన ఉంది, అంతే. ప్రసూన గారు అప్పుడే హెచ్చరించారు.

"జస్టిన్ గారూ, ఇది పరిశోధన లెక్కండీ. దీన్నిబట్టి జబ్బుందని అనుకోకూడదు. మళ్లీ తీసేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పకండి," అన్నారు.

నేను ఆ సాయంత్రమే నీకు చెప్పేశాను. నా భయం నేనొక్కణ్ణే మోయలేకపోయాను. మర్నాడు "వచ్చేస్తున్నా" అన్నావు.

ఇక్కడ ఆ స్కాన్ రోజు పొద్దున జరిగిన సంగతి చెప్పాలి. స్కాన్‌కు ముందు టీ కాఫీలు తాగకూడదు. తాగితే మెదడులో రక్తనాళాలు బిగుసుకుని, రక్తం తక్కువగా పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా లెక్క పడిపోతుంది. ప్రసూన గారు ఈ ప్రశ్న ఇంగ్లీషులో రాసుకొచ్చారు. కెఫీన్ ఉన్న పానీయాలు సేవించారా అని దాని అర్థం. అట్లా అడిగితే మన ఊళ్ల వాళ్లు నా మొహం చూస్తారని, "మేడం, నేను మన మాటల్లో అడుగుతాలెండి" అని పెద్ద తెలివిగా ఆ బాధ్యత నేనే తీసుకున్నాను. వచ్చిన ప్రతి మనిషినీ "పొద్దుటి నుంచి ఏమన్నా తాగినవా?" అని అడిగాను. అందరూ లేదన్నారు. కొందరు కోపంగా కూడా అన్నారు. అత్తమ్మను కూడా అదే మాట అడిగాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, గోడ వైపు తిరిగింది. అల్లుడితో మాట్లాడటానికి మొహమాటం కాబోలు అనుకున్నాను.

చాలా రోజులకు ఆదినారాయణ గారని టేకులపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రైతు, నుదుట నామం, మెడలో తులసిపూస. నేను మామూలుగా "ఏమన్నా తాగినరా?" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు.

"ఏం మాట్లాడుతున్నవయ్యా నువ్వు? పొద్దుపొద్దున రాములోరి దర్శనం చేసుకోని వచ్చిన. నేను తాగినట్టు కొడుతున్నదా నీకు?"

ప్రసూన గారు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చారు. "అయ్యో, అది కాదండీ పెద్దాయనా. టీ గానీ కాఫీ గానీ తీసుకున్నారా అని ఆయన ఉద్దేశం."

"చాయా? బస్టాండుల ఒకటి, మీ గేటు కాడ ఒకటి. చాయ్ తాగుడెట్లయితదమ్మా? అది ఉత్త చాయే గదా!"

ప్రసూన గారు నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆమె కుర్చీలో కూలబడి, తల పట్టుకుని, కాస్సేపటికి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. "తప్పు నాదే జస్టిన్ గారూ, పుట్టి పెరిగింది ఈ వైపే అయ్యుండి నాకు తట్టలేదు" అన్నారు. ఆమె మంచితనం అది. ఆ ప్రశ్న నేను తయారుచేసిందే. మన వైపు 'తాగినవా' అంటే ఒక్కటే అర్థమని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. చాయ్‌ని మనం ఎన్నడూ తాగుడు కింద లెక్కపెట్టలేదు. నేను నవ్వలేకపోయాను. గోడ వైపు తిరిగిన మీ అమ్మే కళ్ల ముందు మెదిలింది.

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి పోయినట్టే మెట్లు దిగి, టిఫిన్ డబ్బా మర్చిపోయానని వెనక్కి వచ్చాను. వంటింటి తలుపు వెనక పీట మీద కూర్చుని ఆమె స్టీలు గ్లాసు నిండా డికాషన్ తాగుతోంది. పాలు లేవు. అంత నల్లటి చాయ్ నేనెక్కడా చూడలేదు. నన్ను చూసి గ్లాసు చీర కుచ్చిళ్ల వెనక దాచింది. నాలుగేళ్లుగా ఒకే ఇంటి మనుషులం, మీ అమ్మ చాయ్ తాగుతుందని నాకు తెలియదు.

"అత్తమ్మా, స్కానింగ్ రోజు గూడ తాగినవా?"

తలుపుతోనే చెప్పింది.

"తాగకుంటె తల పగిలిపోతది బాబూ. రెండు గ్లాసులు తాగిన. కని అల్లుడు అంతమందిల నిలబెట్టి, ఏమన్నా తాగినవా అంటె నేనేం చెప్పాలె? ఆ మాటతోనే మా ఇల్లు మునిగింది. మీ మామ ఏసయ్య పొద్దున లేస్తె ఆ మాటే. ఊరంత ఆ మాటే. తాగిండా, తాగిండా అని. నన్ను గూడ ఆ మాట అడుగుతరని అనుకోలే."

ఆరాధనా, నేను ఆ తలుపు దాటి లోపలికి పోయి నేల మీద కూర్చున్నాను. "చాయ్ గురించి అడిగిన అత్తమ్మా" అన్నాను. "గట్లనే అడగొచ్చు గదా మరి" అంది. నిజమే, గట్లనే అడగొచ్చు.

మళ్లీ స్కాన్ తీశాం. ఈసారి ప్రసూన గారే ఆమెకు చెప్పారు, తెల్లారి చాయ్ మాత్రం ఆపమని, ముందురోజు మామూలుగానే తాగమని. ఎక్కువ సమయం మానేస్తే తలనొప్పి వచ్చి రక్తం ఇంకా జోరుగా పోతుందట, అదీ తప్పు లెక్కేనట. మిషను నాతో పనిచేసే లాలు చూసుకున్నాడు, నేను లోపల ఆమె దగ్గరే ఉన్నాను. లోపలికి పోగానే ఇంకొక తప్పు బయటపడింది. "కదలకు" అంటే ఆమె ఊపిరి బిగబట్టేస్తోంది! క్షయ క్యాంపుల్లో ఛాతీ ఎక్సరే తీయించుకున్న అలవాటు. ఊపిరి బిగబడితే కూడా మెదడుకు రక్తం ఎక్కువ పోయి లెక్క చెడుతుంది. ఆ మోతలో నా మాట ఆమెకు వినపడదు. మోత ఆగిన కాస్త సందులో, నొక్కితే ఊపిరి పీల్చు, వదిలితే వదులు అని చెప్పి, ఆమె పాదం మీద చెయ్యి వేసి నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ ఊపిరి గుర్తుచేశాను. పాదం ఎంత చల్లగా ఉందో. మన పెళ్లిరోజు దండం పెట్టినప్పుడు తప్ప మీ అమ్మ కాళ్లు నేనెప్పుడూ ముట్టలేదు. కాస్సేపటికి ఆమె ఊపిరి మామూలుగా ఆడటం కనిపించింది.

రకరకాలుగా ఆగి తీసిన ఫొటోలన్నీ కలిపి ప్రసూన గారు లెక్క కట్టారు. ఎడమవైపు వెనక భాగం మొదట తీసిన ఫొటోలో నల్లగా ఉంది. తరవాతి వాటిలో నెమ్మదిగా నిండుతూ వచ్చింది.

"చూడండి, వస్తోంది. ఆలస్యంగా వస్తోంది, కానీ వస్తోంది. ఆవిడ వయసుకు ఇది మంచి లెక్కండీ," అన్నారు. హైదరాబాదులో తనకు తెలిసిన నరాల డాక్టరుకు కూడా చూపించారు. ఆయన ఫోనులోనే మీ అమ్మను చాలా ప్రశ్నలు అడిగారు, పేర్లు, తారీఖులు, వెనకనుంచి అంకెలు. ఆమె అన్నీ చెప్పింది. మతిమరుపు రోగం గుర్తులేమీ లేవన్నారు. ఏడాదికొకసారి చూపించుకుంటే చాలట.

మరి పాలెందుకు పొంగాయి, బస్సెందుకు ఎక్కింది అని నువ్వు అడుగుతావు. నేనూ అడిగాను. ఆ సాయంత్రం ఇద్దరం కరకట్ట మీదికి పోయాం. ఆమె నాకు రెండడుగులు వెనక నడిచింది. నేను ఆగితే ఆమె ఆగింది. చివరకు నేనే వెనక్కి నడిచి పక్కన నిలబడ్డాను.

"మర్చిపోయి ఎక్కలే బస్సు. తెలిసే ఎక్కిన. ములకలపల్లిల మా జంపక్క ఉన్నది గదా, పక్కింటామె, దానితోని కూసోని మాట్లాడొద్దామని పోయిన. అది బిడ్డ దగ్గరికి పోయిందట. తాళం ఏసున్నది. అరుగు మీద కూసోని వచ్చిన. గట్ల చెప్తె నవ్వుతరని మర్చిపోయిన అన్న."

"మరి ఫోన్ల ఆరాధనతోని ఎందుకు మాట్లాడవు?"

"ఏం మాట్లాడాలె బాబూ? బాగున్నవా అంటది. బాగలేనంటె ఏడుస్తది. బాగున్న అంటె పెట్టేస్తది."

ఆమె అన్నది నా గురించి కూడా అనిపించింది. మనం ఫోనులో మాట్లాడుకునేదీ అంతే కదా. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఇద్దరం ఒకే మనిషి కోసం, తలుపుకు చెరోవైపు కూర్చుని ఉన్నాం. పొయ్యి ముందు నిలబడి ఆమె ఏం చూస్తోందో నాకప్పుడు తెలిసింది. వంతెన దగ్గర టీకొట్టులో నేను చూసేదీ అదే.

ఇప్పుడు చెప్పవలసింది చెప్తాను. ఇందాకటి నుంచి పచ్చడి డబ్బా, బియ్యం బస్తాలు అంటూ తిప్పుతున్నాను. ఆ రెండో స్కాన్ తీసింది మొన్నా నిన్నా కాదు. రెండు వారాలు దాటింది. నాకు తెలిసిన సంగతి నీకు చెప్పలేదు.

చెబుదామనే ఆ రోజే ఫోన్ చేశాను. నువ్వు ఎత్తగానే "టికెట్లు చూస్తున్నా, హైదరాబాదుకు పొద్దుటి విమానం ఉంది" అన్నావు. నీ గొంతులో ఏడుపు ఉంది గానీ, దాని కింద ఇంకేదో కూడా వినపడింది నాకు. ఇంటికి వచ్చే మనిషి గొంతు. నేను "సరే" అన్నాను. ఒక్క 'సరే'. ఆ తరవాత ప్రతి రోజూ చెబుదామనుకోవడం, నువ్వు ఏదో ఒకటి అనడం, నేను మింగేయడం. తప్పు లెక్క ఒకటి నిన్ను ఇంటికి తెస్తుంటే, దాన్ని దిద్దడానికి నాకు చేతులు రాలేదు. ఫ్యాన్ బాగుచేయించాను. కిటికీకి కొత్త తెర కొన్నాను. నీ కోసమని కిషన్‌లాల్ గారిని బస్తాలు తీసేయమని అడగాలనుకుని, ఆ మాట అంటే ఇక వెనక్కి తిరగలేనని అడగలేదు.

మీ అమ్మ "బిడ్డకు చెప్పిండా అల్లుడు?" అని మొదటి సాయంత్రం అడిగింది. సిగ్నల్ లేదన్నాను. రెండో సాయంత్రమూ అడిగింది, అదే చెప్పాను. మూడోరోజు అడగలేదు. ఆమెకు అర్థమయింది. నేను ఇంటికొచ్చేసరికి అటక మీది నుంచి నీ దుప్పటి దించి, ఉతికి ఆరేసి ఉంది. ఆ దుప్పటి చూసి నేనేమీ అనలేదు, ఆమె కూడా ఏమీ అనలేదు. ఇంట్లో ఇద్దరమూ దొంగలమే అయ్యాం.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. అందులో నీ ప్రయాణం గురించి పేజీ నిండా రాసి, చివర్లో చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాశావు. గుండె ఆపరేషన్ల వార్డుకు వచ్చే నెల నుంచి నిన్నే ఇన్‌ఛార్జిగా ఉండమన్నారని, వద్దన్నావని. దాని తరవాత ఒక్క మాట లేదు. ఇక్కడ ప్రైవేటు దవాఖానాలో రాత్రి డ్యూటీలు చేస్తూ, ఆ వార్డులో పని నేర్చుకోవాలని నువ్వు ఎన్నేళ్లు అన్నావో నాకు తెలుసు. దాన్ని అంత చిన్న అక్షరాలతో ఎందుకు రాశావో కూడా తెలుసు.

మొన్న శుక్రవారం ప్రసూన గారు, అందరినీ మళ్లీ అడిగి తేల్చుకుని, చాయ్ తాగి వచ్చిన వాళ్ల స్కాన్‌లన్నీ లెక్కలోంచి తీసేస్తూ ఉన్నారు. "మీ అత్తగారి మొదటి స్కాన్ కూడా తీసేస్తున్నానండీ. తప్పని తెలిశాక ఉంచకూడదు," అని మామూలుగా అని, తీసేశారు. ఆ తప్పు లెక్క ఇక నీ దగ్గర మాత్రమే మిగిలి ఉంది. అక్కడి నుంచి తీయాల్సింది నేను. అందుకే నిన్న ఆ మెసేజ్ పెట్టాను.

కాబట్టి ఆరాధనా, మీ అమ్మ మెదడుకు రక్తం బాగానే పోతోంది. దాని కోసం నువ్వు ఉద్యోగం వదిలి రావద్దు. ఇంకా వీలుంటే వద్దన్న ఆ పనికి సరేనను. నామీద కోపం వస్తే రానీ, వచ్చి తీరాలి. రెండు వారాలపాటు కన్నతల్లికి రోగం ఉందనుకుని నువ్వు ఏడ్చిన ఏడుపు నా ఖాతాలోదే. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

ఇంకొక్కటి కూడా చెప్పాలి, లేకపోతే ఇది కూడా సగం లెక్కే అవుతుంది. నువ్వు లేక నాకు ఏమీ బాగాలేదు. దీనికి మిషను అక్కర్లేదు. ఇది చెప్పి నిన్ను రమ్మనడం లేదు. నీ ఒప్పందం ముగిసేదాకా ఉండు. ఏటా ఇచ్చే సెలవు దాచుకోకుండా వాడుకో. వచ్చినప్పుడు మన కోసం రా, రోగం కోసం వద్దు.

మా ఇంట్లో ఒక మార్పు వచ్చింది. పొద్దున చాయ్ ఇద్దరం కలిసే తాగుతున్నాం. నేను కుర్చీలో, ఆమె పీట మీద. తలుపు తీసే ఉంటుంది. మాటలు ఇంకా ఎక్కువ లేవు గానీ, నిన్న తనంతట తానే "ఇయ్యాల వాన పడేటట్టున్నది" అని నా మొహం చూసి అంది. పడలేదనుకో.

ఈ ఉత్తరం మొత్తం ఆమెకు చదివి వినిపించాను, దొంగతనం సంగతి కూడా. దుప్పటి మాట దగ్గర "అవ్" అంది, అంతే. చివర్లో అమ్మ బాగుందని రాయనా అని అడిగాను. గ్లాసు కింద పెట్టి, ఉన్నదున్నట్టు రాయమంది:

"బాగున్న అని రాయకు బాబూ. రోగం లేదని రాయి."

ఇట్లు,
నీ భర్త, మీ అమ్మకు అల్లుడు,
జస్టిన్